యింటి ముచ్చట్లు: చక్రాల మీద యిల్లు

వ్యాను కొని, సీట్లు తీయించి, లోపల పడకా పొయ్యీ అమర్చుకుని కుటుంబంతో యాత్రకు బయలుదేరే ఉత్సాహం యీ మధ్య మన వాళ్లలోనూ కనబడుతోంది. సంతోషమే. అయితే వడ్రంగిని పిలవడానికి ముందు ఒక సుద్దముక్క తీసుకోండి. యింట్లో బల్ల అడ్డం వస్తే జరుపుకుంటాము. వ్యానులో బల్లను బోల్టులతో బిగిస్తారు, మళ్లీ జరపడమంటే తేలిక కాదు.

సావిట్లో నేలమీద వ్యాను లోపలి కొలతలు గీయండి. పొడుగు 10 అడుగులు, వెడల్పు 5½ అడుగులు అనుకుందాము. పడక, పొయ్యి, అలమర వుండవలసిన చోట్ల పీటలూ అట్టపెట్టెలూ పెట్టి, యింటిల్లిపాదీ ఒక పూట ఆ గీతల్లోనే మసలండి. ఒకరు కాఫీ కలుపుతుంటే మరొకరు తలుపు దాకా పోగలరా? అర్ధరాత్రి అత్తగారు లేస్తే యెవరినైనా దాటవలసి వస్తుందా? యీ రెండో ప్రశ్నే ముఖ్యం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు నిద్రపోయే వారిని దాటలేరు. లేపడానికి మొగమాటపడి, అవసరమైనా అలాగే పడుకుని వుంటారు. కాబట్టి ప్లాను వారి పడక దగ్గరే మొదలు కావాలి.

5½ అడుగుల వెడల్పులో అడ్డంగా పడుకుంటే పొడగరులకు కాళ్లు చాచే వీలుండదు. వెనక భాగంలో రెండు గోడల వెంట 6 అడుగుల పొడుగు, 21 అంగుళాల వెడల్పు గల బల్లలు వేయండి. నడుమ 2 అడుగుల దారి మిగులుతుంది. పగలు కూర్చోవచ్చు, రాత్రి యిద్దరు హాయిగా పడుకోవచ్చు. నడుమ పలక వేస్తే మూడోవారికీ చోటు దొరుకుతుంది గాని దారి మూసుకుపోతుంది. అందుచేత యాత్రకు యెందరు వస్తారో ముందే తేల్చుకోండి. ముందున్న 4 అడుగుల్లో, తలుపుకు యెదుటి గోడన వంటబల్ల.

యిక బరువు. లీటరు నీళ్లు కిలో. 60 లీటర్ల తొట్టి నింపితే ఒక మనిషి యెక్కినట్టే. దాన్ని బల్ల కింద, ముందు వెనక చక్రాల మధ్యకు వచ్చేలా పెట్టి, యెదుటి బల్ల కింద బ్యాటరీ వుంచితే రెండు పక్కలా తూకం కుదురుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లయివుడ్డు నిండు పలక సుమారు 20 కిలోలు తూగుతుంది. పై అలమరలకు అంతకన్నా పలచనిది చాలు.

12 వోల్టుల, 100 యాంపియర్-అవర్ల సీసపు బ్యాటరీలో సగమే వాడుకోవడం క్షేమం, అంటే 600 వాట్-అవర్లు. 20 వాట్ల ఫ్యాను రాత్రి 8 గంటలు తిరిగితే 160 ఖర్చవుతుంది. 1500 వాట్ల యిండక్షను పొయ్యి మాత్రం అరగంటలోపే అంతా తాగేస్తుంది.

గ్యాసు పెట్టుకునేవారు యిది మరవవద్దు: వంటగ్యాసు గాలికన్నా బరువు. కారితే నేలమీదే పేరుకుంటుంది. కనుక సిలిండరుకు వేరే పెట్టె వుండాలి. అది లోపలికి మూసుకుని, అడుగున బయటికి రంధ్రం కలిగి వుండాలి. వండేటప్పుడు కిటికీ తెరవండి. చలి అని కుంపటి లోపల పెట్టి తలుపు మూయడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు వాసన వుండదు.

చివరగా చట్టం. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. సీట్లు తీయకముందే, కిటికీ కోయకముందే ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించి, కావలసిన అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకోండి. బండి నడుస్తుండగా పక్క బల్లల మీద యెవరినీ కూర్చోనివ్వకండి. బెల్టు గల సీట్లు యెన్ని వుంటే ప్రయాణికులు అందరే.

యీ ఆదివారం సుద్దగీతలు గీసి చూడండి. అత్తగారిని కూడా పిలిచి, రెండుసార్లు పడుకుని లేవమనండి. ఆమె సరేనన్న తరువాతే వడ్రంగికి కబురు పెట్టండి.