‘కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు’ – ఈ వాక్యంలో కర్త ఎవరు?



ముప్పది ఏండ్లకు పైగా పిల్లలచేత కర్త, కర్మ, క్రియలు గుర్తింపజేసినవాణ్ణి గనుక ఏ వాక్యం విన్నా ముందుగా కర్త కోసం వెదకడం నాకు అలవాటు. ఈ మధ్యకాలంలో కార్యాలయాలలో తరచుగా వినవచ్చే వాక్యం ఒకటి ఉన్నది. "కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు." వ్యాకరణరీత్యా దోషం ఏమీ లేదు. కంప్యూటరు కర్త, అమహద్వాచకం. కాని ‘ఒప్పుకొనుట’ అనే క్రియ చేతనులకు చెల్లేది. గేదె ఒప్పుకోలేదు అనవచ్చు, గడప ఒప్పుకోలేదు అనరు గదా! జడమైన వస్తువును కర్తస్థానంలో కూర్చోబెట్టి అసలు కర్తను తెర వెనుకకు పంపే విద్య ఇది. బల్లకు ఇవతల నిలబడిన రైతుకు ఆ కర్త ఎవరో తెలియదు. తెలియదు గనుక ఎవరిని అడగాలో తెలియక ఇంటికి మరలిపోతాడు.

అందువల్ల హార్డ్‌వేరు, సాఫ్ట్‌వేరు, దత్తాంశం అనే మూడు మాటలు రైతుకు, పింఛనుదారుకు కూడ తెలిసి ఉండవలెనని నా వాదం. ఉద్యోగం కోసం కాదు, ఎవరిని అడగాలో తెలియడం కోసం.

ఈ మాటలకు నేను క్రొత్త పేర్లు పెట్టబోవడం లేదు. మూషికమనీ, మీటలపలకమనీ మనం ఒకప్పుడు ముచ్చటపడి పెట్టుకొన్న పేర్లలో కొన్ని నిలిచాయి, కొన్ని నిలువలేదు. మా ఏర్గట్లలో ‘హార్డ్‌వేర్’ అంటే నేటికీ మేకులు, బందులు, పైపులు అమ్మే దుకాణమే. ఒక విధంగా అది మంచి నిర్వచనం. చేతితో తాకగలిగినదీ, క్రింద పడితే విరిగేదీ హార్డ్‌వేరు. ఆ యంత్రం ఏమి చేయవలెనో, ఏమి చేయకూడదో ముందుగా ఎవరో కూర్చుని వ్రాసిపెట్టిన ఆజ్ఞల వరుస సాఫ్ట్‌వేరు. ‘ఎవరో వ్రాసిపెట్టిన’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి.

బడులలో మనం దీనిని నేర్పిన తీరు మరీ విచారకరం. 2008 తరువాత ఉమ్మడి రాష్ట్రంలో వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలు సి.పి.యు.కు విస్తరణ రూపం, కంప్యూటరు పితామహుని పేరు కంఠస్థం చేశారు. నల్లబల్ల మీద వ్రాసినది గంట కొట్టగానే తుడిచివేస్తాం, హాజరు పట్టీలో వ్రాసినది సంవత్సరాంతం దాక ఉంటుంది. ర్యామ్‌కు, డిస్కుకు ఉన్న భేదం అంతే. భద్రపరచకముందే కరెంటు పోతే బల్ల తుడిచినట్లు అవుతుంది, అందుకే యు.పి.ఎస్. పెట్టె. ఇట్లా చెబితే ఆరవ తరగతి పిల్లవాడికీ తెలుస్తుంది. బాబేజ్ పేరు వల్ల తెలిసేది ఏమీ లేదు.

హార్డ్‌వేరు గురించి మా జిల్లా ప్రజలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదని ఒకసారి నిరూపణ అయింది కూడా. 2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపు బోర్డు కోసం, పసుపు, ఎర్రజొన్నల ధర కోసం నిజామాబాద్ నియోజకవర్గంలో రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో మిగిలినవారు 185 మంది, అందులో 170 మందికి పైగా రైతులే. అంతకు ముందు వాడుకలో ఉన్న ఓటుయంత్రం నాలుగు బ్యాలెట్ యూనిట్లకు మించి మోయలేదు; ఒక్కొక్కదానికి 16 చొప్పున 64 పేర్లు, అక్కడితో సరి. ఇది హార్డ్‌వేరు పరిమితి. ఎవరిని బ్రతిమాలినా 65వ పేరు అందులో పట్టదు. కాగితపు బ్యాలెట్ మీద పోలింగు జరుపుతారేమో అన్న చర్చ కూడ నడిచింది. 1996లో నల్లగొండలో ఫ్లోరైడు నీటి బాధితుల నిరసనగా 480 మంది నిలబడినప్పుడు బ్యాలెట్ పత్రం ఒక పుస్తకమంత అయింది మరి. చివరకు 24 యూనిట్ల దాక కలుపుకోగల ఎమ్-3 రకం యంత్రాలు తెప్పించారు. 185 మంది, నోటాతో 186. పదహారు పన్నెండ్లు 192. కాబట్టి ఒక్కొక్క పోలింగు కేంద్రంలో 12 యూనిట్లు. ఏప్రిల్ 11న ఓటర్లు ఆ వరుస వెంట నడుస్తూ తమ గుర్తును వెదుక్కొన్నారు.

ఆ యంత్రం కంటె మంచి పాఠ్యోపకరణం నాకు కనబడలేదు. బ్యాలెట్ యూనిట్ అనేది సమాచారం లోనికి వెళ్ళే ద్వారం. కంట్రోల్ యూనిట్ లెక్కించి దాచుకొనే మెదడు. వి.వి.ప్యాట్ అనే పెట్టె ఫలితాన్ని చీటీగా ముద్రించి ఏడు సెకన్లు చూపే ద్వారం. మధ్యలో తీగలు. చిప్పులోని ఆజ్ఞలు కర్మాగారంలో ఒకసారి వ్రాసినవి, తిరిగి వ్రాయడానికి వీలు లేనివి. ముఖ్యమైన విశేషం మరొకటి. బ్యాలెట్ యూనిట్ మీద కనబడే అభ్యర్థి పేరు ముద్రించిన కాగితం మాత్రమే. ఓటును లెక్కించే కంట్రోల్ యూనిట్‌కు తెలిసినది పేరు కాదు, ఎన్నవ బొత్తాము నొక్కారన్న సంఖ్య. కంప్యూటరుకు ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్న ప్రశ్నకు ఇంతకంటె సూటి జవాబు ఉండదు. ఈ యంత్రాలు తయారుచేసే రెండు సంస్థలలో ఒకటి హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. దానిని 1967లో నిలబెట్టినవారు మన అయ్యగారి సాంబశివరావు గారు. ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టి.డి.సి. కంప్యూటర్లను తయారుచేసినదీ ఆ సంస్థయే. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో బాబేజ్ ప్రక్కన ఒక్క వాక్యమైనా ఉంటే బాగుండును.

బోర్డు సంగతి అడుగుతారేమో. జాతీయ పసుపు బోర్డు 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది.

ఇక సాఫ్ట్‌వేరు. పరిమితి ఇక్కడా ఉంటుంది, కాని దాని స్వభావం వేరు. హార్డ్‌వేరు పరిమితిని పదార్థం పెడుతుంది, సాఫ్ట్‌వేరు పరిమితిని మనిషి పెడతాడు. ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న మొదలైంది. 2017లో జరిగిన భూరికార్డుల ప్రక్షాళనలో చేర్చిన వివరాలే చాలమట్టుకు దానికి ఆధారం. ఆ వివరాలలో పేరు తప్పిపోయినవారు, విస్తీర్ణం తగ్గినవారు, సర్వే నంబరే మాయమైనవారు ఉన్నారు. దిద్దవలసిన తప్పులు కండ్ల ముందు ఉన్నా, మొదట్లో వాటిని దిద్దడానికి తెర మీద మీట లేదు. "ఆప్షన్ లేదు" అన్నారు. కొంతకాలానికి ఒక్కొక్క మాడ్యూలు చేరుస్తూ వచ్చారు. సవరణల కోసం వచ్చిన టి.ఎం. 33 అనే సంకేతం రైతులకు పాణినీయ సూత్రసంఖ్యలాగా నోటికి వచ్చింది. నేను వ్యాకరణం చెప్పినన్నాళ్ళూ ఒక్క సూత్రసంఖ్యను ఇంతమందికి వల్లెవేయించలేకపోయాను! 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చి, అప్పీలుకు దారి మరల తెరిచింది.

ఏ ప్రభుత్వం మంచిది అన్న చర్చ నాకు వద్దు. నా పట్టింపు ఒక్కటే. ఒక చట్టం చేస్తే దానిని గెజిట్‌లో అచ్చువేస్తారు, శాసనసభలో చర్చిస్తారు, తప్పనిపిస్తే కోర్టులో సవాలు చేస్తారు. ఒక తెర మీద ఫలానా మీట ఉండరాదని నిర్ణయిస్తే, ఆ నిర్ణయాన్ని ఎవరు చేశారో, ఏ తేదీన చేశారో ఎక్కడా అచ్చు కాదు. ఫలితం మాత్రం చట్టం కంటె కఠినం. చట్టాన్ని అధికారి సందర్భానుసారం వ్యాఖ్యానించగలడు, లేని మీటను ఎవరు నొక్కగలరు? రైతు చేతిలో పాత పాసుపుస్తకం ఉంటుంది, పొలంలో పంట ఉంటుంది, తెర మీద మాత్రం అతడు ఉండడు. ఆ సంవత్సరం పెట్టుబడి సాయం రాదు, బ్యాంకు అప్పు పుట్టదు. "కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు" అన్న వాక్యం ఇంత బరువు మోస్తున్నది.

కంప్యూటర్లు రాకముందు రోజులే బాగున్నవని నేను అనడం లేదు. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు ‘కార్డ్’ పథకం క్రింద కంప్యూటర్లు వచ్చాయి. అంతకు ముందు ఒక నకలు కోసం దస్తావేజు లేఖరి చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసేవారో నా వయసువారికి జ్ఞాపకమే. తరువాత 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చి ఆ ప్రదక్షిణలు చాల తగ్గించాయి. పసుపు సంగతే చూడండి. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైనప్పుడు తొలివిడత 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. గేటు దగ్గర లాటు నంబరు, ఖరీదుదారుల బిడ్లు తెర మీద, ఎక్కువ ధర పాడినవారికి సరుకు. తుండుగుడ్డ క్రింద వ్రేళ్ళు పట్టుకొని బేరమాడే రహస్యం కంటె ఇది మేలు కాదనగలమా? అయితే ఇక్కడ కూడ యంత్రం హద్దు తెలియాలి. కొమ్ము ఎంత పచ్చిగా ఉన్నదో, అందులో కుర్కుమిన్ పాలు ఎంతో కొలిచి నమోదు చేస్తేనే ఆ లాటు మంచిచెడ్డలు తెర మీద కనబడతాయి. కొలవకపోతే ఖరీదుదారు విరిచి, వాసన చూసి ధర వేస్తాడు, యంత్రం ఆ ధరను శుభ్రంగా వ్రాసుకొంటుంది. అప్పుడు అది ఖరీదైన నోటుపుస్తకం మాత్రమే.

‘సర్వర్ డౌన్’ అనే మరొక మహామంత్రం ఉన్నది. మండల కార్యాలయంలో మనకు కనబడేది కిటికీ వంటిది. వివరాలు దాచి ఉంచే యంత్రాలు దూరంగా మరొక చోట ఉంటాయి, మధ్యలో తీగ. తీగ తెగినా, దూరపు యంత్రం అలసినా, ఇక్కడి కిటికీ మూసుకొన్నా, చివరకు గుమాస్తా భోజనానికి వెళ్ళినా మనకు చెప్పే మాట ఒకటే. నిజంగా సర్వరు పనిచేయనప్పుడు ప్రక్క మండలంలోనూ ఆ పని ఆగిపోవాలి. ఒక ఫోను చేసి కనుక్కోవడం మనకు అసాధ్యం కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక చిన్న సాఫ్ట్‌వేరు మార్పు వల్ల ప్రపంచంలో 85 లక్షల విండోస్ యంత్రాలు మూలబడ్డాయి. ఒక్క తీగ తెగలేదు, ఒక్క పెట్టె కాలలేదు. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. విమానాలు ఎగిరాయి. యంత్రం ఆగినప్పుడు కాగితం మీద పని జరిపించే అధికారం ఎవరికో ఒకరికి ఉండబట్టి ఎగిరాయి. మా వైపు ఒక కార్యాలయంలో పొలం పనులతో వ్రేలి గీతలు అరిగిపోయిన ఒక ముసలమ్మను మూడుమార్లు త్రిప్పి పంపడం నేను చూశాను. ఆమె పసుపు తవ్విన చేతులను చదవలేకపోవడం ఆ అద్దపు బిళ్ళ అశక్తత. మరొక మార్గం చూపకపోవడం మాత్రం బిళ్ళ తప్పు కాదు.

దత్తాంశం గురించి తెలుగు పండితుడిగా నాకు ప్రత్యేకమైన గోడు ఉన్నది. మా ఊరి పేరే తీసుకోండి. కంటికి మూడు అక్షరాలు: ఏ, ర్గ, ట్ల. యూనికోడ్‌లో ఏడు సంకేతాలు, రెండు పొల్లులతో సహా. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో 21 బైట్లు. పలికేటప్పుడు ముందు యకారం తొంగిచూస్తుంది గనుక ‘యేర్గట్ల’ అని వ్రాసేవారూ ఉన్నారు, అప్పుడు ఎనిమిది సంకేతాలు. ‘మా’ అన్న మాటకు చేర్చితే యడాగమం వచ్చి ఎటూ ‘మాయేర్గట్ల’యే. మనకు ఇది వ్యాకరణ విలాసం. యంత్రానికి మాత్రం ఇవి రెండు వేరు ఊళ్ళు. ఆంగ్లంలో ఒకరు ‘వై’తో, ఒకరు ‘ఇ’తో మొదలుపెడతారు. ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకులో ఒక తీరు, పాసుపుస్తకంలో మరొక తీరు. ఊరికే ఇట్లా ఉంటే గంగారాములకు, లక్ష్ములకు ఎన్ని రూపాలో ఊహించండి. దీనికి తోడు అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఉత్తర్వుల గుట్టలు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే రాక్షసభాష. ఆ బాధ నేను మీకు వర్ణించనక్కరలేదు, ‘పద్మ’ తొడుగుతో ఖతులు మార్చుకొని వార్తలు చదివినవాళ్ళం.

మీలో చాలమంది సాఫ్ట్‌వేరు వ్రాసేవారే, కొందరు ప్రభుత్వాలకూ వ్రాస్తూ ఉండవచ్చు. కనుక ఇది మీకు చెప్పుకొంటున్నాను. ఒక దరఖాస్తు తిరస్కరించినప్పుడు ఆ పెట్టె నుంచి ఒక చీటీ రావాలి. అందులో తెలుగులో మూడు సంగతులు చాలు. ఆగినది యంత్రం వల్లనా, నియమం వల్లనా, నమోదైన వివరం వల్లనా? నియమమైతే దాని సంఖ్య, తేదీ ఏమిటి? దానిని మార్చగల అధికారి ఎవరు? ఇప్పుడు కనబడే సందేశాలు ఆంగ్లంలో ఉంటాయి, లేదా ‘చెల్లని ప్రవేశం’ వంటి అనువాదాలు ఉంటాయి. ‘చెల్లని ప్రవేశం’ అని చదివి, తనను లోపలికి రావద్దన్నారనుకొని గుమ్మం దిగిపోయిన పెద్దాయనను నేనే వెనుకకు పిలిచాను. అట్టి వాక్యాల పట్టిక ఏదైనా మీ దగ్గర ఉంటే పంపండి. ఊరికే కూర్చున్నవాణ్ణి, చదివినవానికి అర్థమయ్యే తెలుగులో వ్రాసి పంపుతాను. ప్రతి వాక్యంలో కర్త ఉండేట్లు చూస్తాను.