టికెట్ ఒక్కటే సరిపోదు



ఉచిత బస్సుతో ఆడవాళ్ల ప్రయాణ కష్టం తీరిపోయిందన్న పాఠకుడి లేఖ చదివాను. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం మా నరసన్నపేట వైపు పనులకు వెళ్లే ఆడవాళ్లకు ఎంతో మేలు చేసింది. కానీ పక్షవాతం వచ్చిన మా అమ్మకు ఆ మేలు అందలేదు. బస్సు మొదటి మెట్టే ఆమె ఎక్కలేనంత ఎత్తు. ఇద్దరం పట్టుకుని ఎక్కిస్తుంటే వెనకవాళ్లు తొందరపెడతారు, అమ్మ సిగ్గుతో కుంగిపోతుంది. అందుకే శ్రీకాకుళం ఆసుపత్రికి ఆటో మాట్లాడుకుంటాం. పింఛనులో చాలా భాగం కిరాయికే పోతుంది.

డాక్టర్లు విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు రాస్తే మరీ కష్టం. తోడు లేనిదే కదల్లేని దివ్యాంగులకూ, వెంట వెళ్లేవారికీ రైలు స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఉంది. కానీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడిదాకా మళ్లీ ఆటోయే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ బస్టాపుల్లో సౌకర్యాలు కల్పించాలనీ, వీలైనచోట పాత వాహనాలను దివ్యాంగులకు అనువుగా మార్చాలనీ చెబుతోంది. కొత్త బస్సులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సుల్లో చక్రాల కుర్చీ, మడతపెట్టే ర్యాంపు ఉంచండి. వైకల్య ధ్రువపత్రాల కోసం జరిగే సదరం శిబిరాల రోజుల్లోనైనా మండల కేంద్రాల నుంచి ర్యాంపు ఉన్న బండి నడపండి. దానికి టికెట్ పెట్టినా కొంటాం.

– ఒక పాఠకురాలు, నరసన్నపేట మండలం