దసరా నుంచి ఉగాది వరకు కుండీలలో పూలు: ఉక్కునగరానికి కావలసిన తీరప్రాంత సాగు పట్టిక

ఉత్తర కోస్తా మండలంలో అక్టోబరు మాసం పూలమొక్కలకు పరీక్షా కాలం. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగి ఈశాన్య రుతుపవనాలు ప్రవేశించే ఆ సంధికాలంలో బంగాళాఖాతంలో వాయుగుండాలు తరచుగా ఏర్పడతాయి. విశాఖపట్టణంలో అధిక వర్షం కురిసే నెలలలో అక్టోబరు ఒకటి. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినది అక్టోబరు 12న. 2018లో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసినదీ అక్టోబరులోనే. సంక్రాంతి పూలకు నారు పోయవలసిన అదును కూడా సరిగ్గా ఆ నెలలోనే వస్తుంది. శరత్తు నుంచి వసంతం వరకు కుండీలలో పూలు నిలపాలనుకునేవారికి తీరప్రాంతంలో ఎదురయ్యే ప్రధాన సమస్య ఇదే. ప్రచారంలో ఉన్న సలహాలలో దీని ప్రస్తావన కనిపించదు.

ఈ లోటు ఉక్కునగరం వంటి చోట స్పష్టంగా తెలుస్తుంది. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం చుట్టూ ఏర్పడిన ఈ నివాస నగరంలో, దేశంలోని పలు ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు సెక్టార్ల వారీగా క్వార్టర్లలో నివసిస్తున్నాయి. పై అంతస్తులలో ఉన్నవారికి నేల లేదు, వరండా ఉన్నది. డిసెంబరులో విరగబూసిన బంతి, చేమంతి, పెటూనియా కుండీలను కొని తెచ్చుకోవడం, ఫిబ్రవరి నాటికి అవి ఎండిపోగా తమ హస్తవాసి మంచిది కాదని సరిపెట్టుకోవడం నగరవాసులకు అలవాటైపోయింది. లోపం హస్తవాసిలో లేదు. పూతకాలం సగం గడిచిన మొక్కను కొన్నవారికి మిగిలేది రెండవ సగమే. నారు దశ నుంచి ఆరంభించి, తీరప్రాంతపు అదును ప్రకారం విడతలుగా నాటితే తప్ప ఆరు నెలల పాటు రంగులు నిలవవు. అటువంటి సాగు పట్టికను రూపొందించి అందించడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.

అరువు సలహాలు

శరత్తులో నాటి వసంతం వరకు కుండీని రంగులతో నింపే పద్ధతి శీతల దేశాల ఉద్యాన సంప్రదాయానికి చెందినది. అక్కడ పాన్సీ నారును, ట్యులిప్, డాఫొడిల్ దుంపలను కుండీలలో నాటుతారు. ట్యులిప్ దుంపకు 12 వారాలకు పైగా చలి అందనిదే పూకాడ సక్రమంగా ఎదగదు. విశాఖ తీరంలో జనవరి రాత్రి ఉష్ణోగ్రత సైతం సగటున 15 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది. పాన్సీ వంటి మొక్కలు ఇక్కడ బ్రతికినా కాడలు సాగి, పూలు చిన్నవై, ఎండలు మొదలవగానే వాడిపోతాయి.

ఉత్తర భారత మైదానాల కోసం తయారైన సిఫారసులు కొంత దగ్గరగా ఉన్నా యథాతథంగా పనికిరావు. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా నారంగి గేందా మేలైన బంతి రకమే. అయితే విత్తిన తర్వాత పూతకు రావడానికి అది 120 రోజులకు పైగా తీసుకుంటుంది. అక్టోబరులో విత్తితే సంక్రాంతి దాటిన తర్వాత గాని పూయదు. గొబ్బెమ్మల కోసం బంతి పెంచే ఇంటికి ఆ రకం ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

రాష్ట్రం లోపలనే ఈ వ్యత్యాసం ఎంత ఉన్నదో గమనించాలి. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయలోను, అంతకంటె చల్లనిదైన లంబసింగిలోను పాన్సీ వంటి శీతల వాతావరణపు పూలు శీతాకాలంలో చక్కగా పూస్తాయి. సముద్ర మట్టానికి చేరువలో ఉన్న ఉక్కునగరం వాతావరణం వేరు. వ్యవసాయ పరిశోధనలో చింతపల్లిని ఎత్తైన గిరిజన మండలం కిందను, అనకాపల్లిని ఉత్తర కోస్తా మండలం కిందను విడదీసి చూడడానికి కారణం ఇదే. వరి, చెరకు పైర్లకు పాటించే ఈ విభజనను పూలకుండీకి కూడా పాటించాలి.

కుండీ అడుగున నీరు

అక్టోబరు వానలలో కుండీ మొక్కలు చనిపోవడానికి ముఖ్య కారణం వేరుకుళ్ళు. దీనికి విరుగుడుగా కుండీ అడుగున పెంకులు, గులకరాళ్ళు మందంగా పరచడం ఆచారంగా వస్తున్నది. నేల భౌతికశాస్త్రం ఈ ఆచారాన్ని సమర్థించదు. సన్నని రేణువుల మట్టి కింద ముతక రాళ్ళ పొర ఉన్నప్పుడు, పై మట్టి అడుగు భాగం పూర్తిగా తడిసి నిండే వరకు నీరు రాళ్ళలోకి దిగదు. అందువల్ల నీరు నిలిచే పొర తొలగిపోదు, రాళ్ళ మందం మేరకు పైకి జరిగి వేళ్ళకు మరింత చేరువ అవుతుంది. రంధ్రం నుంచి మట్టి జారిపోకుండా ఒక పెంకు ముక్క అడ్డు పెడితే చాలు.

ఈ తడి పొర ఎత్తును నిర్ణయించేది మిశ్రమంలోని రేణువుల పరిమాణం. కుండీ ఎత్తుతో దానికి సంబంధం లేదు. ఉదాహరణకు ఆ పొర 5 సెం.మీ. అనుకుంటే, 15 సెం.మీ. లోతు గల కుండీలో మూడవ వంతు, 25 సెం.మీ. కుండీలో ఐదవ వంతు మాత్రమే నీటితో నిండి ఉంటుంది. వానాకాలం చివరలో నాటే మొక్కలకు లోతైన కుండీ మేలు అనడానికి ఆధారం ఇది. వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే అలంకార తొట్లను జనవరి తర్వాత వాడుకోవచ్చు.

కుండీలో ఎర్రమట్టి ఒక్కటే నింపితే వానకు గట్టిపడి గాలి ఆడదు. 10 లీటర్ల కుండీ తడిసినప్పుడు 15 కిలోలకు పైగా బరువు తూగి వరండాకు భారమవుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టు లేదా బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చడం అనుకూలం. మిశ్రమం బిగుతుగా ఉన్నదనిపిస్తే ముతక ఏటి ఇసుక గాని, కాల్చిన వరి ఊక గాని కలపాలి. ఉద్దానం, కోనసీమల నుంచి కొబ్బరి పొట్టు సులభంగా లభిస్తుంది. పచ్చి పొట్టులో లవణాలు అధికం కనుక మంచినీటిలో నానబెట్టి రెండు మూడు సార్లు పిండి వాడాలి. సముద్రపు ఇసుకను కుండీలలోకి రానీయకూడదు. ఎడతెరిపి లేని వానలకు కుండీలోని పోషకాలు కారిపోతాయి. కాబట్టి ఎరువును ఒకేసారి ఎక్కువగా వేయకుండా, నీటిలో కరిగేదానిని పలుచన చేసి పది పదిహేను రోజులకు ఒకసారి అందించాలి.

వానను ట్రేలో దాటించడం

తీరప్రాంతపు పట్టికకు మూలసూత్రం ఒకటే: అక్టోబరు వానలను మొక్క కుండీలో ఎదుర్కొనకూడదు, నారు ట్రేలో ఉండి దాటాలి. 98 గుంటల ప్రోట్రే ఒక్కటి చాలినంత నారునిస్తుంది. వర్షం పడని చూరు కింద పెంచి, తుపాను హెచ్చరిక వచ్చిన నాడు చేత్తో ఎత్తి గదిలోకి చేర్చవచ్చు. బరువైన కుండీలకు ఆ సౌలభ్యం లేదు. పిట్టగోడలపై కుండీలు నిలిపి ఉంచడం గాలివానలో కింద నడిచేవారి ప్రాణానికి ముప్పు కూడా.

దసరా, దీపావళి పూలకు బంతి, సీతజడ విత్తనాలను జులై మధ్యలో విత్తాలి. చేమంతి కత్తిరింపులను జూన్, జులై నెలలలో వేళ్ళు తొడిగించి, మొక్క నిలదొక్కుకున్న తర్వాత తలలు తుంచి, సెప్టెంబరు తొలి వారానికి తుంచడం ఆపాలి. నవంబరు చివరి నుంచి ఇవి పూతనిస్తాయి.

సంక్రాంతి బంతికి అక్టోబరు 10 ప్రాంతం అదును. పండుగకు అది సుమారు 95 రోజుల ముందు. నెల రోజుల నారును నవంబరు రెండవ వారంలో కుండీకి మార్చితే, త్వరగా పూసే రకాలు పండుగ వేళకు నిండుగా ఉంటాయి. ఒకే రోజున విత్తనమంతా వాడకుండా కొంత ఉంచుకొని పది రోజుల తర్వాత మరొక ట్రే వేసుకోవడం వివేకం. మొదటిది నారుకుళ్ళుతో పోయినా రెండవది ఆదుకుంటుంది, రెండూ నిలిస్తే పూత మరికొంత కాలం సాగుతుంది. పెటూనియాను కూడా అక్టోబరులోనే ట్రేలో వేయాలి. దాని విత్తనం ధూళి వలె సన్నగా ఉంటుంది కనుక మట్టి కప్పకుండా, ట్రే అడుగు నుంచి తడి అందించాలి. జనవరి నుంచి మార్చి వరకు అది పూస్తుంది.

శిశిరం ముగిసే వేళకు ఎండను ఓర్చే మొక్కలు సిద్ధంగా ఉండాలి. డిసెంబరు చివర విత్తిన జీనియా, జనవరిలో కొమ్మలు గుచ్చిన నాచుపూలు ఫిబ్రవరి, మార్చి నెలలలో బంతి స్థానాన్ని భర్తీ చేస్తాయి. వానలు వెనుకబడిన తర్వాత కాగితంపూల కుండీకి నీరు తగ్గిస్తే ఆకు కంటె పూత ఎక్కువ అవుతుంది. ట్యులిప్ కోసం ఆరాటపడేవారికి హిప్పియాస్ట్రం లిల్లీ చక్కని ప్రత్యామ్నాయం. శీతాకాలంలో తడి తగ్గించి దుంపకు విశ్రాంతినిస్తే ఉగాది రోజులలో ఎర్రని గొట్టపు పూలు వస్తాయి. దానికి మంచు అవసరం లేదు.

ఎండ దిక్కు, వీధి దీపం

కుండీని ఎక్కడ ఉంచాలన్నది కూడా స్థానిక విషయమే. 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద డిసెంబరు మధ్యాహ్న సూర్యుడు దక్షిణ ఆకాశంలో సుమారు 49 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటాడు. ఆ కాలంలో దక్షిణపు వరండాలోకి ఎండ లోతుగా ప్రవేశిస్తుంది, ఉత్తరపు వరండాకు నేరుగా ఎండ తగలదు. శీతాకాలపు పూలకు దక్షిణపు వరండా వరం. ఉత్తరపు వరండాలో రంగు కావాలంటే పూల కోసం ప్రయాసపడక, క్రోటన్, కోలియస్ వంటి ఆకు రంగుల మొక్కలను ఆశ్రయించాలి.

చేమంతి విషయంలో వెలుగు ఎక్కువ కావడం కూడా దోషమే. పగటి కాలం తగ్గి, రాత్రి చీకటి నిరాటంకంగా సాగినప్పుడే అది మొగ్గ తొడుగుతుంది. ఈ అక్షాంశంలో జూన్ చివర పగలు సుమారు 13 గంటలు, డిసెంబరు చివర సుమారు 11 గంటలు. ఈ మార్పును మొక్క గుర్తించాలంటే రాత్రి చీకటిగా ఉండాలి. చేమంతి పూతను వాయిదా వేయడానికి పాలీహౌస్‌లలో అర్ధరాత్రి దీపాలు వెలిగించడం వాణిజ్య సాగులో తెలిసిన పద్ధతి. రాత్రి షిఫ్టులు నడిచే పారిశ్రామిక నగరంలో వీధి దీపం ఎదుట ఉన్న కుండీకి అదే చికిత్స తెలియకుండా జరుగుతున్నది. ఆకు పచ్చగా ఉండి మొగ్గ రాని చేమంతికి ఎరువు పెంచడం కంటె, చీకటి మూలకు మార్చడం సరైన సలహా. దుమ్ము కూడా ఇక్కడ లెక్కించవలసిన అంశం. వానలు ఆగిన తర్వాత ఆకులపై పేరుకునే ధూళి వెలుతురును అడ్డుకుంటుంది, ఎర్రనల్లికి అనువైన పరిస్థితి కల్పిస్తుంది. వారానికి రెండు సార్లు ఉదయం పూట ఆకులను నీటితో కడిగితే రెండు సమస్యలూ తగ్గుతాయి.

ఇది ఎవరి పని?

పైరు నష్టం, గిట్టుబాటు ధరల వంటి సమస్యలతో రైతు సతమతమవుతున్న వేళ వరండా కుండీలకు పరిశోధన సమయం కేటాయించడం తగునా అన్న ప్రశ్న సహేతుకమైనది. దీనికి సమాధానం రైతు వైపు నుంచే లభిస్తుంది. విశాఖ శివారులోని ఆనందపురం ప్రాంతపు రైతులు పూలసాగులో అనుభవజ్ఞులు. విడిపూల ధర పండుగనాడు పెరిగి మర్నాడు పడిపోతుంది. ఉక్కునగరం, గాజువాక, మధురవాడ వంటి నివాస ప్రాంతాలకు అక్టోబరు, నవంబరు నెలలలో నాణ్యమైన నారు కావలసి ఉన్నది. కడియం నర్సరీల నుంచి పూసిన కుండీలు దూరం ప్రయాణించి వస్తున్నాయి గాని, అదునుకు తగిన నారు దగ్గరలో దొరకడం అరుదు. షేడ్‌నెట్ కింద ప్రోట్రేలలో పూల నారు పెంచడం చిన్న కమతాల రైతులకు, మహిళా సంఘాలకు అందుబాటులో ఉన్న పని. పట్టణంలో గిరాకీ నిలకడగా ఉండాలంటే కొన్నవారి మొక్క బ్రతకాలి, అది బ్రతకడానికి సాగు పట్టిక కావాలి. ఆ విధంగా చూస్తే వరండాలో చచ్చిన మొక్క రైతు పోగొట్టుకున్న ఖాతాదారు.

ఇందుకు పెద్ద నిధులు అవసరం లేదు. అనకాపల్లి పరిశోధన స్థానం, వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, నైరా వ్యవసాయ కళాశాల కలిసి మూడు శీతాకాలాల పాటు ఒకే రకాల జాబితాను, ఒకే మట్టి మిశ్రమాలను, మూడు విత్తే తేదీలను పరీక్షించవచ్చు. గ్రామీణ పని అనుభవ కార్యక్రమంలో పాల్గొనే విద్యార్థులు కొన్ని వారాలు పట్టణ వరండాలలోనూ గడిపి, వరండా దిక్కు, విత్తిన తేదీ, తొలి పువ్వు, చివరి పువ్వు అనే నాలుగు వివరాలు నమోదు చేసినా విలువైన సమాచారం సమకూరుతుంది. పైన సూచించిన తేదీలు సైతం అటువంటి పరీక్షకు నిలిచి, అవసరమైన చోట సవరణ పొందవలసినవే.

ఫలితాన్ని లావైన పుస్తకంగా వేయనవసరం లేదు. తెలుగు నెలలు, పండుగలు, విత్తే తేదీలు ఒకే కాగితంపై ఉండే పట్టిక చాలు. దానిని గోడకు తగిలించుకున్న ఇల్లాలు అక్టోబరు 10న ట్రేలో విత్తనం వేసి, వాయుగుండం వార్త విన్న సాయంత్రం దానిని లోపలికి తీసుకుంటే, సంక్రాంతి గొబ్బెమ్మకు బంతిపువ్వు ఆమె వరండాలోనే దొరుకుతుంది.