సగం ధర టర్బో... మొత్తం ఇంజిన్‌కే ముప్పు!

సిద్దిపేటలో లోడు ఎత్తుకుని హైదరాబాద్ బయల్దేరింది ఓ డీసీఎం అనుకోండి. రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్ చేరేసరికి పికప్ పడిపోయింది. వెనక నల్లటి పొగ, బానెట్ కింద ఈల వేసినట్టు శబ్దం. షెడ్డులో మెకానిక్ చూసి చెప్పేది ఒకటే... ‘అన్నా, టర్బో పోయింది. ఒరిజినల్ ఏస్తే ఇంత. లోకల్ మాల్ అయితే అండ్ల సగం. ఏది ఏయమంటవ్?’

నెలకో కిస్తీ, ఇంట్లో పిల్లల ఫీజులు. ‘సగం’ అనే మాట తీయగానే వినిపిస్తుంది. కానీ ఒక్క నిమిషం ఆగండి!

కమ్మరి కొలిమికి తిత్తి ఎలాగో ఇంజిన్‌కు టర్బో అలాగ. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే కడ్డీకి రెండో చివర ఉన్న చక్రం బయటి గాలిని ఇంజిన్‌లోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ బాగా మండుతుంది, బలం పెరుగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్న ఉపాయమిది.

మన సీలింగ్ ఫ్యాను నిమిషానికి 300 నుంచి 400 చుట్లు తిరుగుతుంది. టర్బో చక్రం లక్షకు పైగా! అదీ వందల డిగ్రీల వేడిలో. ఆ కడ్డీని కాపాడేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. అందుకే అసలు కంపెనీలు వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమ లోహాన్ని వాడతాయి. చక్రాలను మిషన్ మీద తిప్పి, బరువులో వెంట్రుకవాసి తేడా ఉన్నా సరిచేస్తాయి. నకిలీ తయారీదారు పైరూపాన్ని అచ్చు దింపగలడు కానీ లోపలి లోహాన్నీ, ఆ బ్యాలెన్సింగ్‌నూ కాదు.

మరి ఏమవుతుంది? కడ్డీ అదురుతుంది, బేరింగు అరుగుతుంది, ఆయిల్ కారుతుంది. చక్రం విరిగితే ముక్కలు ఇంజిన్‌లోకి చేరొచ్చు. ఆయిల్ గాలి గొట్టంలోకి పోతే డీజిల్ ఇంజిన్ దాన్నే తాగుతూ, తాళం తీసేసినా ఆగకుండా పరుగెత్తవచ్చు. టర్బోలో మిగిలిన సొమ్ము ఇంజిన్ బోరుకే చాలదు!

అలాగని చవకైనవన్నీ నకిలీ కావు. సొంత పేరుతో, వారంటీతో అమ్మే కంపెనీలున్నాయి. కంపెనీయే బాగుచేసి వారంటీతో ఇచ్చే పాత టర్బోలూ దొరుకుతాయి. డబ్బులు తక్కువైతే అదో దారి. ఇంకొకరి పేరు అచ్చేసుకుని అమ్మడమే మోసం. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం దానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు.

కొనేటప్పుడు...
• పాత టర్బో ప్లేటు మీది పార్ట్ నంబరు రాసుకుని, కొత్తదానితో పోల్చండి. అక్షరాలు మసకగా, వంకరగా ఉంటే అనుమానించండి.
• అధీకృత డీలరు దగ్గరే కొనండి. నంబరు వేసిన జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు అడగండి. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఆ బిల్లే ఆధారం.
• పాతది ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది బిగించనివ్వొద్దు. ఆయిల్ పైపు పూడుకుపోయినా, ఎయిర్ ఫిల్టర్ చిరిగినా ఒరిజినల్ కూడా నిలవదు.
• బిగించేటప్పుడే ఆయిల్, ఫిల్టర్లు మార్పించండి.
• దూరం నడిపి రాగానే ఇంజిన్ ఆపేయకండి. ఒకటి రెండు నిమిషాలు స్లోలో ఉంచండి.
• కొత్త టర్బో వచ్చిన డబ్బాను చించేయండి. నకిలీ సరుకు అందులోనే ముస్తాబై మరొకరి ఇంటికి చేరొచ్చు!

కొసరుకు ఆశపడితే అసలుకే మోసమని పెద్దలు ఊరికే అనలేదు. షెడ్డులో ‘ఏది ఏయమంటవ్’ అని అడిగినప్పుడు ధర ఒక్కటే కాదు, ఆ బండి మీద బతికే ఇల్లూ గుర్తుకు రావాలి.