జాలి చాలదు, జట్టు కట్టాలి

పొద్దుగూకి పనినుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పొయ్యి మీద ఎసరు పడేసి టీవీ ముందు కూర్చుంటాం. సీరియల్లో కోడలు ఏడుస్తుంది. మన ఆడవాళ్లూ కళ్లొత్తుకుంటారు. అత్త ఒక మాట అంటుంది. ఆ మాట మర్నాడు కలుపు తీసే చేలో నలుగురి నోళ్లలో నానుతుంది. ఏడ్చిన నటి ఎవరో మనకు తెలుసు. తిట్టిన నటి ఎవరో తెలుసు. ఆ ఏడుపునీ ఆ తిట్టునీ కాగితం మీద పెట్టిన మనిషి పేరు ఎవరైనా చెప్పగలరా? చెప్పలేం. పేర్లు పడేటప్పుడు లేచెళ్లి మంచినీళ్లు తాగొస్తాం.

ఎవర్నో తప్పు పట్టడానికి మేం ఈ మాట ఎత్తలేదు. మాకూ తెలియదు. చెప్పులు తొడుక్కున్నవాడికి కుట్టినవాడు గుర్తురాడు. అన్నం తినేవాడికి నాటు వేసిన మనిషి గుర్తురాదు. కథ సంగతీ అంతే. చేసే మనిషి పని ఆపేసిన రోజునే, దాని వెనక ఒక మనిషి వుందని లోకానికి తెలిసొస్తుంది. అట్లా కథలు రాసేవాళ్లు కలం కింద పెట్టిన రోజున చూసే జనం ఏం చేశారు? ఈ సంచికలో మేం చెప్పదలుచుకున్నది అదే.

ఈ సంగతి తెలుసుకోవాలంటే అమెరికా వైపు చూడాలి. అక్కడ సినిమాలకూ టీవీకీ కథలూ మాటలూ రాసేవాళ్లకు రైటర్స్ గిల్డ్ అనే సంఘం వుంది. ఆ సంఘం 1960లో సమ్మె చేసింది. 1988లో అయిదు నెలలు చేసింది. 2007 నవంబర్ 5 నుంచి 2008 ఫిబ్రవరి 12 దాకా వంద రోజులు చేసింది. 2023 మే 2 నుంచి సెప్టెంబర్ 27 దాకా 148 రోజులు చేసింది. ఈ చివరి సమ్మెలో వున్నవాళ్లు సుమారు 11,500 మంది.

"కార్లలో తిరిగే హాలీవుడ్ వాళ్ల గోల మనకెందుకయ్యా?" అని మన కార్యకర్తలే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. వాళ్లలో బాగా వున్నవాళ్లు లేకపోలేదు. కానీ చాలామందికి ఇవాళ పని వుంటే రేపు వుండదు. వాళ్ల బతుకూ మన కూలి బతుకూ ఒకటేనని మేం అనడం లేదు. ఒకటి కాదు. యజమానుల ఎత్తులు మాత్రం ఎక్కడైనా ఒకటే, చూడండి.

రాసినందుకు ఒకసారి డబ్బిస్తారు. అదే బొమ్మను మళ్లీ వేసినప్పుడు, మళ్లీ అమ్ముకున్నప్పుడు రచయితకు కొంత వాటా రావాలి. 1960 సమ్మెలో గెలుచుకున్న వాటిలో ఈ వాటా వుంది, పింఛనూ వైద్యమూ వున్నాయి. ఆ తర్వాత సరుకు రూపం మారినప్పుడల్లా యజమానులు పాత కొలతే పట్టుకుని కూర్చున్నారు. డీవీడీల కాలంలో ఒక్కో డీవీడీకి రచయితకు ముట్టేది నాలుగు సెంట్ల చిల్లర. మనకు రూపాయికి పైసలెట్లాగో వాళ్లకు డాలరుకు సెంట్లట్లాగ. దాన్ని రెట్టింపు చెయ్యమనీ, ఇంటర్నెట్లో చూపే బొమ్మలకూ వాటా ఇమ్మనీ 2007లో అడిగారు. 2023 నాటికి ఇంటర్నెట్టే టీవీ అయి కూర్చుంది. వెనక ఏడాదికి ఇరవై రెండు ఎపిసోడ్లు రాసినచోట ఎనిమిదో పదో రాయించుకుని పంపేస్తున్నారు. ఎంతమంది చూశారో లెక్క చెప్పరు. పైగా ఏఐ అనే యంత్రం చేత రాయించి, దాని తప్పులు దిద్దే కూలీగా రచయితను పెడతారన్న భయం. కుంచం ఆసామి చేతిలో వుంటే గింజలు ఎట్లా తగ్గుతాయో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

2023 జులైలో ఒక స్టూడియో పెద్ద తన పేరు చెప్పకుండా పత్రిక వాళ్లతో అన్న మాట అచ్చయింది. రచయితలకు వుంటున్న ఇళ్లు చేజారేదాకా సమ్మెను సాగదియ్యడమే తమ ఆలోచన అని దాని సారం. ఆ మాట తమది కాదని యాజమాన్యాల సంఘం తోసిపుచ్చింది. అదే నెల్లో లాస్ ఏంజిలిస్ నగరంలో యూనివర్సల్ స్టూడియో బయట, సమ్మెదారులు నీడకు నిలబడే చెట్ల కొమ్మలు నరికేశారు. ఏటా చేసే పనేనంది కంపెనీ. అనుమతి లేకుండా నరికారని నగర అధికారులు 250 డాలర్ల జరిమానా వేశారు. "కడుపు కాలితే వాళ్లే వస్తార్లే" అనే ఆసామిని మనం ఎరగమా?

ఇక చూసే జనం సంగతి.

1988 సమ్మెలో కొత్త ఎపిసోడ్లు ఆగిపోయాయి. అప్పట్లో అక్కడ మూడు పెద్ద చానళ్లు. జనం వాటిని వదిలి కేబుల్ వైపూ, వీడియో క్యాసెట్ల వైపూ మళ్లారు. మళ్లినవాళ్లందరూ తిరిగి రాలేదు. వాళ్లు కంపెనీ మీద కోపంతో పోలేదు, రచయిత మీద అభిమానంతోనూ పోలేదు. ఇక్కడ బొమ్మ లేదు, అక్కడ వుంది, అంతే. చూసేవాళ్లలో ఇది మొదటి తీరు.

రెండో తీరు జాలి. 2023 ఆగస్టులో గాలప్ అనే సర్వే సంస్థ అమెరికా జనాన్ని అడిగింది. నూటికి 72 మంది రచయితల మీద సానుభూతి వుందన్నారు. స్టూడియోల మీద వుందన్నవాళ్లు 19 మందే. ఇది చిన్న విషయం కాదు. కానీ సర్వేవాడు అడిగినప్పుడు చెప్పే జవాబు వేరు, రాత్రిపూట మీట నొక్కే వేలు వేరు.

2008 జనవరి 2 రాత్రి ఏం జరిగిందో చూడండి. అక్కడ రాత్రిళ్లు నవ్వించే షోలు రెండు పోటీగా నడిచేవి. డేవిడ్ లెటర్మన్ సొంత కంపెనీ సంఘంతో విడిగా ఒప్పందం చేసుకుంది. ఆయన తన రచయితలతో సహా తెర మీదకు వచ్చాడు. జే లెనో షోకి అట్లాంటి ఒప్పందం లేదు. ఆయన రచయితలు సమ్మెలో వుండగానే షో మొదలైంది. జాలి లెక్కన చూస్తే జనం ఎటు పోవాలి? ఆ రాత్రి ఎక్కువమంది చూసింది లెనోనే. జనం దుర్మార్గులని కాదు. రోజూ నొక్కే మీటే నొక్కారు. అలవాటు ముందర జాలి ఎంతసేపు నిలబడుతుంది?

మూడో తీరు వుంది. అది కొద్దిమందిదే, కానీ మనం నేర్చుకోవాల్సింది అక్కడే. 2007-08 సమ్మెలో తమకిష్టమైన షోల అభిమానులు కొందరు చేతి డబ్బు పెట్టి పెన్సిళ్లు కొని కంపెనీల యజమానులకు పంపించారు. రాసేవాడి చేతిలో వుండేది ఇదేనని గుర్తుచెయ్యడం వాళ్ల ఉద్దేశం. సమ్మె గేటు దగ్గర నిలబడ్డ రచయితలకు తిండి పట్టుకెళ్లినవాళ్లూ వున్నారు.

2023 సెప్టెంబర్లో న్యూయార్కులో జరిగింది ఇంకా గట్టిది. డ్రూ బారీమోర్ అనే నటి షో రచయితలు లేకుండానే మళ్లీ మొదలవుతుందని ప్రకటించారు. ఆ షోకి రాసే ముగ్గురూ గేటు బయట ప్లకార్డులు పట్టుకున్నారు. షో చూడ్డానికి పాసులతో వచ్చిన ఇద్దరు, అక్కడ పంచుతున్న సంఘం బిళ్లలు తీసుకుని చొక్కాలకు పెట్టుకుని లోపలికెళ్లారు. బిళ్లలు చూసి వాళ్లను బయటికి పంపేశారు. వాళ్లు ఇంటికి పోలేదు, సమ్మెదారుల పక్కనే నిలబడ్డారు. సంగతి దేశమంతా పాకింది. జాతీయ పుస్తక బహుమతుల సభ నడపడానికి ఆమెను పిలిచినవాళ్లు ఆ పిలుపు వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబర్ 17న ఆమె సమ్మె ముగిసేదాకా షో ఆపుతున్నట్టు ప్రకటించింది. బిళ్ల పెట్టుకున్న ఆ ఇద్దరూ ఏమీ రాసినవాళ్లు కాదు. వాళ్లు వదులుకున్నది కుర్చీ మాత్రమే. ఆ ఖాళీ కుర్చీ సర్వేలో 72 శాతం కంటే గట్టిగా మాట్లాడింది.

ఎందుకని? టీవీ కంపెనీ మనకు కథ అమ్ముతుందని అనుకుంటాం. ప్రకటనలు ఇచ్చే కంపెనీలకు అది అమ్ముకునేది మన చూపును. ఎన్ని కళ్లు చూస్తే అంత రేటు. అంటే చూసేవాడి చేతిలోనూ ఆపగల సరుకు ఒకటి వుంది. తన చేతిలో ఏమీ లేదనుకున్నంత కాలం అతను జాలిపడతాడు. వుందని తెలిసిన రోజున జట్టు కడతాడు.

జట్టు కట్టడమంటే నష్టంలో వాటా పంచుకోవడం. 2023లో లారీ డ్రైవర్ల సంఘంలోని చాలామంది, స్టూడియో గేటు దగ్గర సమ్మెదారులను చూసి బళ్లు వెనక్కి తిప్పుకుపోయారు. లైట్లు మోసేవాళ్లు, వడ్రంగులు, బట్టలు కుట్టేవాళ్లు నెలల తరబడి పని లేక అప్పుల పాలయ్యారు. సమ్మె వాళ్లది కాదు, నష్టం మాత్రం వాళ్లదీ అయింది. అంతమంది ఓర్చుకుంటే వచ్చింది గెలుపు. ఏఐ తయారుచేసిన దాన్ని రచయిత రాతగా లెక్కించకూడదని ఒప్పందంలో రాయించుకున్నారు. ఒక్కో షోకి ఇంతమంది రచయితలు వుండాలన్న లెక్క, ఎక్కువమంది చూసినదానికి అదనపు సొమ్ము రాయించుకున్నారు. ఓటేసినవాళ్లలో నూటికి 99 మంది ఆ ఒప్పందానికి సరే అన్నారు.

1938లో బొంబాయి ప్రభుత్వం సమ్మెలకు సంకెళ్లు వేసే బిల్లు తెచ్చినప్పుడు బాబాసాహెబ్ అంబేడ్కర్ శాసనసభలో దాన్ని ఎదిరించారు. సమ్మె హక్కంటే స్వేచ్ఛ హక్కుకు మరో పేరేనని వాదించారు. ఆ నవంబర్ 7న ఆయన పార్టీ మిగతా కార్మిక సంఘాలతో కలిసి బొంబాయిలో పని ఆపించింది. పని ఆపగలిగిన మనిషే స్వతంత్రుడు. అది మిల్లు కూలీకి ఎంత నిజమో, మాటలు రాసేవాడికీ అంతే నిజం.

మరి మనం? 2025 ఆగస్టు 4 నుంచి 21 దాకా తెలుగు సినిమా కార్మికులు హైదరాబాదులో పని ఆపారు. వాళ్లు అడిగింది 30 శాతం కూలి పెంపు. ఒప్పుకున్నది మూడేళ్లలో కలిపి 22.5 శాతం. ఆ రోజుల్లో మన అరుగుల మీద నడిచిన చర్చ ఏమిటి? ఏ హీరో సినిమా ఆగింది, ఎప్పుడు వస్తుంది అన్నదే. తెర వెనక లైటు మోసేవాడి రోజుకూలి ఎంత అని అడిగినవాళ్లు ఎందరు? మేమూ అడగలేదు. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాం.

ఇది సినిమాతో ఆగే మాట కాదు. ఒక ఊళ్లో కూలి పెంచమని మనవాళ్లు పని మానేస్తే, పక్క ఊరి నుంచి ట్రాక్టర్లో మనుషుల్ని దింపుతారు. ఆ పక్క ఊళ్లో వున్నదీ మనవాళ్లే. "పాపం, వాళ్లడిగింది న్యాయమే" అంటూనే ట్రాక్టర్ ఎక్కుతారు. ఆకలి ఎక్కిస్తుంది, మాకు తెలుసు. అందుకే వాళ్లను తిట్టి లాభం లేదు. సమ్మె ముందుగానే పక్క ఊరికెళ్లి మాట్లాడాలి. పిడికెడు బియ్యం పోగుచెయ్యాలి. పాపం అన్నవాడిని పక్కన నిలబెట్టుకునే పని సంఘానిది.

ఈ రాత్రి సీరియల్ అయిపోయాక లేచెళ్లకండి. పేర్లు పడేటప్పుడు చదువు వచ్చిన పిల్లను గట్టిగా చదవమనండి. కథ ఎవరిది, మాటలెవరివి, లైటు పట్టిందెవరు. రేపు వాళ్లు పని ఆపితే, బొమ్మ ఎందుకు రాలేదని విసుక్కునే ముందు ఆ పేర్లు గుర్తొస్తాయి. ఎల్లుండి మనం పని ఆపినప్పుడు, మన పేర్లు కూడా ఎవరో ఒకరు చదివి వుండాలి కదా.