ఆ పిచ్చే లేకపోతే

మన తెలుగులో దయకు మాటలు కొల్లలు. దయ, కరుణ, జాలి, కనికరం, ఆదరం... ఏ సందర్భానికి తగిన మాటను ఆ సందర్భానికి తీసి వాడుకోవచ్చు. కాని ఒక మనిషి ఒక పనిని ప్రాణంగా పట్టుకుని, తిండీ నిద్రా మాని దాని వెంట తిరిగితే ఆ గుణానికి మనం పెట్టుకున్న పేరేమిటి? పిచ్చి. కాస్త మర్యాదగా అంటే యావ. చదువుకున్నవాళ్లయితే వ్యసనం అంటారు. పాటల పిచ్చి, పుస్తకాల పిచ్చి, మొక్కల పిచ్చి. పెళ్లిచూపులనాడు "మా అబ్బాయికి ఏ పిచ్చీ లేదండీ, ఆఫీసూ ఇల్లూ తప్ప మరొకటి ఎరగడు" అని పెద్దలు చెప్పడమూ, అదొక యోగ్యతాపత్రం అన్నట్టు అవతలివాళ్లు తల పంకించడమూ మనం చూడనివి కావు.

దయేమో సుగుణమట, పిచ్చేమో దోషమట. ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదని మన నమ్మకం. నాకు మాత్రం ఇవి రెండూ ఒక తల్లి బిడ్డలే అనిపిస్తుంది.

జాలి పడడం అంత కష్టమైన పనేమీ కాదు. బస్టాండులో ఆకలన్నవాడి చేతిలో పది రూపాయలు పెడతాం. ఆ పూటకి అది మంచి పనే. కాని వాడు మర్నాడూ అక్కడే కనిపిస్తే చూడనట్టు పక్కకి తప్పుకుంటాం. ఇందులో మనల్ని తిట్టుకోవలసింది ఏమీ లేదు. జాలి ఆయుర్దాయమే అంత. మరి ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఏళ్ల తరబడి, విసుగన్నది లేకుండా మేలు చేసినవాళ్లు ఉన్నారే, వాళ్లను నిలబెట్టింది ఏమిటి?

డొక్కా సీతమ్మగారి సంగతి గోదావరి జిల్లాలవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. జోగన్నగారి ఇల్లాలై లంకల గన్నవరం వచ్చారు. ఆ ఊరు వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. ఆ రోజుల్లో కోనసీమలో ప్రయాణమంటే కాలినడకా, పడవా. పడవ దిగినవాడూ, పడవకోసం కాచుకున్నవాడూ ఆకలి వేస్తే ఎక్కడికి పోవాలి? సీతమ్మగారింటికి పోవాలి. వేళ కాని వేళ వచ్చినా, ఎవరు నువ్వని అడగకుండా ఆవిడ పొయ్యి రాజేసేవారట.

ఆవిడను గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామిని సేవించుకుందామని పల్లకీలో బయలుదేరారు. దారిలో అలసిపోయిన బాటసారుల గుంపు ఒకటి ఎదురైంది. ఆకలని ఏడుస్తున్న పిల్లలను వాళ్లు "ఇంకెంత, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అని ఊరడిస్తున్నారు. ఆ మాట చెవిని పడగానే ఆవిడ పల్లకీ వెనక్కి తిప్పించారు. వాళ్లకంటె ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు.

కథలో రేణువంత అతిశయం కలిసి ఉండవచ్చు. అయినా దాని సారం చూడండి. పుణ్యం లెక్కే అయితే స్వామి దర్శనం చేసుకునే రావచ్చు. ఆ ఒక్క పూటకి వాళ్లకు వడ్డించడానికి ఇంట్లో మరెవరూ ఉండరా? ఉంటారు. కాని వాళ్లు తన ఇంటికి వస్తూంటే తాను అక్కడ లేకపోవడం ఆవిడకు పట్టలేదు. ఇది జాలి కాదు. వడ్డించడమంటే ఆవిడకున్న ఇష్టం. సంగీతజ్ఞుడికి కచ్చేరీ ఎటువంటిదో, ఆవిడకు పంక్తి అటువంటిది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక వార్షికోత్సవానికి పిలుపు వస్తే రానన్నారని, ఫోటో మాత్రం తీయించుకు పోయారని అంటారు. పొయ్యి దగ్గర పని ఉన్న మనిషికి చక్రవర్తి మాత్రం ఎందుకు?

సీతమ్మగారు 1909లో పోయారు. ఆ వైనతేయ మీదనే 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆవిడ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే పెట్టారు. ఒకప్పుడు పడవ దిగి ఆవిడ ఇల్లు వెతుక్కున్న ఊరికి, ఇప్పుడు జనం ఆవిడ పేరున్న వంతెన మీదుగా పోతున్నారు.

ఇది మరీ పాతకాలపు మాట అంటారేమో. ఈ కాలానికే వద్దాం. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్యగారుండేవారు. పెద్ద చదువు లేదు, పెద్ద ఆస్తి లేదు. సైకిలు వెనక మొక్కలు, జేబుల్లో గింజలు. చెట్టును మనం కాపాడితే అది మనల్ని కాపాడుతుందన్న మాట రాసిన పలక ఒంటిమీద తగిలించుకుని ఊళ్లు తిరిగేవారు. ఎక్కడ ఖాళీ నేల కనబడితే అక్కడ గుంట తవ్వేవారు. రోడ్డు పక్కన, కాలవ గట్టున, బడి ఆవరణలో. మొదట్లో జనం నవ్వారు, పిచ్చివాడన్నారు. మన దగ్గర సిద్ధంగా ఉన్న మాట అదే గదా! ఆయన భార్య జానమ్మగారు మాత్రం నవ్వలేదు. వెంట నడిచారు. కోటికి పైగా మొక్కలు నాటినవాడని పేరు వచ్చాక, 2017లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అప్పటికే ఊరివాళ్లు ఆయన ఇంటిపేరు మార్చి వనజీవి రామయ్య అని పిలుస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు.

అన్నం పెట్టినవాడు తిన్నవాడి మొహమైనా చూస్తాడు. చెట్టు నాటినవాడికి ఆ పాటి సంతోషం కూడా లేదు. ఇరవై ఏళ్ల తరవాత ఎండన పడి వచ్చే ఏ ఆడకూతురో ఆ నీడన బిడ్డను దించుకుని, చెంగుతో మొహం తుడుచుకుంటుంది. ఈ చెట్టు ఎవరు పెట్టారన్న ఆలోచన ఆవిడకు రాదు. రావలసిన అవసరమూ లేదు. అటువంటి మనిషికోసం ఇవాళ గుంట తవ్వాలంటే జాలి చాలదు. మొక్కంటే పిచ్చి ఉండాలి.

అదే 2017లో పద్మశ్రీ అందుకున్న మరొక తెలుగువాడు చింతకింది మల్లేశంగారు. ఆలేరు దగ్గర శారాజీపేట. చేనేత కుటుంబం. ఆరవ తరగతితో చదువు ఆగింది. పోచంపల్లి చీర మీద ఆ చక్కని డిజైను రావాలంటే, రంగు అద్దడానికి ముందు నూలును ఆసు పోయాలి. అంటే చట్రం మీద వరుసగా నిలిపిన పుల్లల చుట్టూ పోగును చేత్తో తిప్పాలి. ఒక చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి ఆడాలి. రోజుకు రెండు చీరలైతే 18 వేల సార్లు. ఇంతా చేసేది ఇంటి ఆడవాళ్లే. అతని తల్లి లక్ష్మిగారికి భుజం నొప్పితో రాత్రి నిద్ర పట్టేది కాదు. ఈ నొప్పి తగ్గించే యంత్రం ఒకటి చేస్తానని కొడుకు కూచున్నాడు. ఇంజనీరింగు పుస్తకం చూసి ఎరగడు. డబ్బు అయిపోయింది, అప్పులయ్యాయి, ఇదేం పిచ్చిరా అని పదిమందీ అన్నారు. హైదరాబాదు పోయి కూలి చేసుకుంటూ కూడా ఆ ఆలోచన వదలలేదు. ఏడేళ్లు పట్టింది. 1999లో యంత్రం తిరిగింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని.

తల్లికోసం చేసినదాన్ని పరాయివాళ్లమీద దయ అనవచ్చునా అని మీరు అడగవచ్చు. తల్లి నొప్పి దగ్గర మొదలైన మాట నిజమే. కాని యంత్రం ఆ ఒక్క ఇంట్లో ఆగలేదు. వందల ఇళ్లకు చేరింది. అతను పేరైనా ఎరగని ఎందరో తల్లులకు భుజం నొప్పి తప్పింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పిచ్చులన్నీ గొప్పవేనా? పేకాట పిచ్చితో సంసారాన్ని వీధిన పెట్టినవాడూ తిండీ నిద్రా మానినవాడే. తేడా ఎలా తెలుస్తుంది? నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. ఆ పిచ్చివల్ల, ముక్కూ మొహం తెలియనివాడికి ఏమైనా మిగిలిందా? ఒక పూట అన్నమో, ఇంత నీడో, రాత్రికి నిద్రో. మిగిలితే అది మంచి పిచ్చి.

మరొక మాట కూడా చెప్పాలి. ఈ ఇష్టాలు ఊరికే సాగవు. వాటి ఖర్చు ఇంటిల్లిపాదీ పెట్టుకోవాలి. సీతమ్మగారి వెనక జోగన్నగారి పొలాలున్నాయి. రామయ్యగారి వెనక జానమ్మగారి కాళ్లున్నాయి. మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క మరవకూడదు. ఇంట్లో ఒకరి ఇష్టాన్ని మిగతావాళ్లు మోయడం కూడా దయే. బిరుదులు రాని దయ అది.

మనందరం కోటి మొక్కలు నాటలేం. ఊరందరికీ అన్నం పెట్టలేం. అది నాకూ తెలుసు. కాని మన ఇళ్లలో పాత గడియారాలు విప్పి కూచునే కుర్రాడుంటాడు. వీధిలో పిల్లలను పోగేసి ముగ్గులో, పాటలో నేర్పే పిల్ల ఉంటుంది. ఉద్యోగం విరమించాక పక్క బస్తీ పిల్లలకు లెక్కలు చెబుతానని పొద్దున్నే బయలుదేరే తాతగారుంటారు. "ఏమిటీ పనికిమాలిన పని, నాలుగు రాళ్లు వచ్చేదేనా?" అనబోయేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ పని దగ్గర వాళ్ల మొహం ఎలా వెలుగుతోందో చూడండి. ఆ వెలుగు ఎవరికి దారి చూపిస్తుందో ఇవాళ మనకు తెలియదు. వీలుంటే ఓ గ్లాసెడు కాఫీ తీసుకువెళ్లి పక్కన పెట్టండి. ప్రస్తుతానికి మనం చేయవలసిన సాయం అంతే.