రహీమ్ సాబ్ మిగిల్చిన ప్రశ్న

ఇండియా గేటుకు కూతవేటు దూరంలో ఉన్న నేషనల్ స్టేడియం ముందు నుంచి నిత్యం రాకపోకలు సాగించే ఢిల్లీ వాసులలో, 1951 మార్చిలో జరిగిన తొలి ఆసియా క్రీడల సంగతి ఎందరికి జ్ఞాపకం ఉన్నదో చెప్పలేము. ఆ క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు 1-0 గోలు తేడాతో ఇరాన్‌ను ఓడించి స్వర్ణ పతకం గెలుచుకున్నది. గోలు చేసిన మేవాలాల్ పేరు కొందరికైనా తెలుసు. జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ మాత్రం చిరకాలం మరుగున ఉండిపోయారు. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం పుణ్యమా అని ఆయన పేరు మళ్లీ వినవచ్చింది.

రహీమ్ హైదరాబాదీయుడు; వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే రోజులలో అది సామాన్య విజయం కాదు.

ఆయన జీవితంలో ఓటములు లేకపోలేదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో మన జట్టు 10-1 గోల్స్‌తో చిత్తయింది. మన ఆటగాళ్లలో పలువురు అప్పుడు వట్టి కాళ్లతో ఆడారు. ఆ పరాభవం తరువాతనే బూట్లు తప్పనిసరి అయినవి. 1956లో మెల్బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోల్స్‌తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశమేదీ అంతకు మునుపు అంత దూరం పోలేదు.

1962లో జకార్తాకు వెళ్లే నాటికి రహీమ్ క్యాన్సర్ పీడితులు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో జట్టు ఓడింది. ఇజ్రాయెల్, తైవాన్‌ల బహిష్కరణ వివాదం కారణంగా స్థానిక ప్రేక్షకులు భారతీయులపై మండిపడుతున్నారు. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో అదే కొరియాను భారత్ 2-1తో ఓడించింది. పి.కె. బెనర్జీ ఒక గోలు చేయగా, రెండవది జర్నైల్ సింగ్‌దే. తొమ్మిది నెలలు గడిచీ గడవక ముందే, 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మరల మన చేతికి రాలేదు.

అప్పటి ఆసియా వేరు, ఇప్పటి ఆసియా వేరు అని సమాధానపడేవారున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆసియా తనంతట తాను మారలేదు. జకార్తాలో మన జట్టు 2-0తో ఓడించిన దేశాలలో జపాన్ ఒకటి. ఆ దేశం 1960లోనే డెట్మార్ క్రామర్ అనే జర్మన్ శిక్షకుని పిలిపించుకున్నది. ఆయన సలహా మేరకు 1965లో జాతీయ లీగును ప్రారంభించింది. శిక్షకులకే శిక్షణ ఇచ్చే ఏర్పాట్లు చేసుకున్నది. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్య పతకం అందుకున్నది. జపాన్ తన గురువు విద్యను వ్యవస్థగా మలచుకున్నది. మనం మన గురువును పొగడి, ఆయనతోపాటే ఆ విద్యనూ సమాధి చేశాము.

2025 ఆగస్టులో జాతీయ క్రీడల పాలన బిల్లును పార్లమెంటు ఆమోదించింది. అదే నెలలో, చాలా ఏళ్ల పాటు విదేశీయులు నిర్వహించిన జాతీయ జట్టు శిక్షక పదవి భారతీయుడైన ఖాలిద్ జమీల్‌కు దక్కింది. రెండూ హర్షించదగినవే. క్రీడా సంఘాల ఎన్నికలు సక్రమంగా జరగాలి. వివాదాలు ట్రిబ్యునల్‌లో తేలాలి. అయితే ఎన్నికల నియమావళి గోలు చేయదు. ఒక శిక్షకుని నియమించినంత మాత్రాన పదిమంది శిక్షకులు పుట్టుకురారు.

రహీమ్‌ను తయారు చేసినది ఏ క్రీడా మంత్రిత్వ శాఖా కాదు. పిల్లలకు నేర్పే అలవాటు, నేర్పినది నిలిచిందా లేదా అని చూసుకునే ఓపిక ఆయనకు బడి నుంచి అబ్బి ఉండాలి. మన పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయుని స్థానమేమిటో తల్లిదండ్రులందరికీ తెలుసు. పరీక్షల కాలం వస్తే ఆయన పీరియడే ముందుగా లెక్కల మాస్టారి పాలవుతుంది. ఆ ఉపాధ్యాయునికి ఉద్యోగం, శిక్షణ, గౌరవం కల్పించనంతకాలం రహీమ్ పేరిట ఎన్ని చిత్రాలు తీసినా ఆయన రుణం తీరదు. క్రీడల గురించి చట్టసభలలో ఉత్సాహంగా మాట్లాడే మన ప్రతినిధులు, ముందుగా తమ నియోజకవర్గంలోని ఒక్క బడి మైదానాన్ని చూసి రావడం మంచిది.